నంబరు పోయిన బండి

మేస్త్రి పోయాడని మొన్న గోల్‌బజార్ చేపల వరసలో ఒకాయన చెప్పాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవురు సెప్పినారు?" రెండో మాట, "నువ్వు సూసినావా?" మనిషి పోయాడని వింటే ముందు అయ్యో అనాలి. నాకంత బుద్ధి లేదు. పాతికేళ్లకి పైగా ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానా స్టోర్సులో గుమస్తాగా ఉన్నాను. మేకు అడిగినా, మోటారు అడిగినా "ఎందుకు?" అని అడగడానికే నాకు జీతం ఇస్తున్నారు. ఆ ప్రశ్న ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం నాకు చేతకాలేదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్లు ఎక్కువ పోశాడన్నమాట అనుకుంటాను. మా ఆవిడ అయితే, "నిన్ను పుట్టించినప్పుడు దేవుడు కూడా రసీదు రాయించుకునుంటాడు" అంటుంది.

మేస్త్రి పేరు ఇక్కడ రాయను. కాలనీలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లూ లేరు. కార్ఖానాలో డీజిల్ ఇంజన్లు బాగుచేసే విభాగం, మా మాటల్లో షాపు, అందులో ఫిట్టరు. మా వరసలో మూడో క్వార్టరు ఆయనది, నాలుగోది నాది. వాళ్లు తెలుగు క్రైస్తవులు, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్నవాళ్లు. మాది శ్రీకాకుళం వైపు. ఆయన నాకంటే పన్నెండేళ్లు పెద్ద. అయినా నన్ను "స్టోరు బాబూ" అని మీరు పెట్టి పిలిచేవాడు. అంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని అదొక అనుమానం నాకు.

ఏ ఇనుప వస్తువు కనబడినా వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, తల వంచి వినేవాడు. మా గేటు, మా కిటికీ ఊచలు, మా నీళ్ల బకెట్టు, దేన్నీ వదల్లేదు. విని, ఎవరూ అడక్కుండానే తీర్పు చెప్పేవాడు. "బాగున్నాది" అనో, "లోన తినీసినాది" అనో. మా బకెట్టుని లోన తినీసినాది అన్నాడు. నెల తిరక్కుండా దానికి చిల్లు పడింది. ఆయనే వచ్చి ఏదో చేసుంటాడని నేను మా ఆవిడతో అన్నాను. పక్కింటి బకెట్టుకి చిల్లు పొడిచి ఆయనకేం వస్తుందో మాత్రం చెప్పలేకపోయాను.

ఇంకో అలవాటు టికెట్ నంబరు. కార్ఖానాలో మనిషికి పేరుకన్నా ముందు టికెట్ నంబరు ఉంటుంది. హాజరు దానిమీదే, జీతం దానిమీదే. ఫిట్టర్లు తమ పనిముట్లు కలిసిపోకుండా వాటిమీద ఆ నంబరు గుద్దుకుంటారు. అక్కడితో ఊరుకుంటే సరే. మేస్త్రి ఇంట్లో కంచాలమీద, గరిటెలమీద, టిఫిను డబ్బా మూతమీద, వాళ్లావిడ ఇడ్లీ రేకుల మీద కూడా ఆ నంబరే ఉండేది. బైబిలుమీద మాత్రం గుద్దలేదు, అట్ట కాబట్టి.

ఎనభైల మధ్యలో ఒక ఆదివారం, చర్చి నుంచి అందరూ వస్తున్న వేళకి, ఒక ట్రాక్టరు మా వీధిలోకి ఒక కారుని ఈడ్చుకొచ్చింది. కారంటే పడవంత పొడుగు. రెండే తలుపులు. ముక్కు ఎంత పొడుగంటే డ్రైవరు కూర్చునే చోటు ఎక్కడో వెనక ఉన్నట్టుంది. స్టీరింగు ఎడమవైపు. చక్రాలకి గాలి లేదు, ఒంటికి రంగు లేదు. వెనక సీట్లో కోడి పొదిగిన గడ్డి ఇంకా ఉంది. మేస్త్రి ట్రాక్టరు దిగి, ఆ బండి మూతమీద కణుపుతో కొట్టి విన్నాడు. మేం పదిమందిమి తీర్పు కోసం చూస్తున్నాం.

"పైన తినీసినాది," అన్నాడు. "లోన బాగున్నాది."

ప్రేమ్ బజార్ దగ్గరి కాలేజీలో పాఠాలు చెప్పడానికి ఎప్పుడో వచ్చిన ఒక అమెరికా ఆయన దాన్ని ఓడమీద తెచ్చుకున్నాడట. వెళ్లిపోతూ ఇక్కడి కాంట్రాక్టరుకి అమ్మాడట. ఆ కాంట్రాక్టరు దానికి పెట్రోలు పోయలేక రేకుల షెడ్డులో పడేశాడు. కాగితాలు చెదలు తినేశాయి. ఆయన ఇంట్లో అద్దెకున్న స్టూడెంట్లు దానిమీద లుంగీలు ఆరేసుకుంటుంటే మేస్త్రి కంటపడింది. పాత ఇనుము ధరకి కొన్నానని ఆయన చెప్పాడు. ఫిట్టరుకి కారెందుకు, డబ్బెక్కడిది, అని నేను ఆ రాత్రి అన్నం తింటూ రెండుసార్లు అన్నాను.

ఎందుకో మర్నాడు ఆయనే చెప్పాడు. పాత కాగితాల కొట్లో దొరికిన అమెరికా పత్రికలోని ఒక పేజీ తెచ్చి నాచేత చదివించాడు. సగం చిరిగిపోయిన పేజీ. అందులో ఈ బండి బొమ్మే ఉంది, ఎర్రగా నిగనిగలాడుతూ. ఎనిమిది సిలిండర్లు. ఆ మోడల్లో పెద్ద ఇంజను పెట్టినవి చాలా కొద్దిగా చేశారని, బాగుచేసిన బండికి అక్కడ పిచ్చి గిరాకీ అని రాసి ఉంది. డాలర్ల ధర వేశారు. నేను దాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పాను. మేస్త్రి ఆ అంకె విని, "మరి ఇంకేటి" అన్నాడు.

ఇంకేటంటే ఇల్లు. రైల్వే క్వార్టరు ఉద్యోగం ఉన్నంతకాలమే. రిటైరైతే ఖాళీ చెయ్యాలి. వాళ్లు ఊరి చివర ఎర్రమట్టి నేలలో రెండు కాఠాల స్థలం, మన లెక్కలో నూట అరవై గజాలు, కొనుక్కున్నారు. కట్టుకోవడానికి దాచుకున్నది ప్రావిడెంట్ ఫండు సొమ్మొక్కటే. ఆ సొమ్ము ఇప్పుడు కొంచెం కొంచెంగా బండిలోకి పోవడం మొదలెట్టింది. బండి అమ్ముడుపోతే దాంతో ఇల్లు లేస్తుందని మేస్త్రి లెక్క. పోకపోతే నెత్తిమీద కప్పు లేదు.

వాళ్లావిడకి ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. నన్ను గోడ పక్క చూసినప్పుడల్లా గొంతు తగ్గించి అడిగేది.

"తమ్ముడూ, నువ్వు లెక్కలు తెలిసినోడివి. ఇది గిట్టుద్దేటి?"

"గిట్టదక్కా," అనేవాణ్ణి. ఎప్పుడడిగినా అదే జవాబు. నేను నిజంగా లెక్క కట్టే చెప్పాను. కొన్న ధర, సామాను ధర, కలకత్తా తిరగడం, అన్నిటికీ మించి ఆయన పని గంటలు. రోజూ సాయంత్రం సైరన్ మోగగానే సైకిలు తొక్కుకొచ్చి, మరమరాలు, పచ్చిమిరపకాయ తిని, పెరట్లో బండికోసం వేసిన షెడ్డులో బోర్లించిన బకెట్టు మీద కూర్చునేవాడు. చీకటిపడేదాకా పని. అలా ఆరేళ్లు. ఆ గంటలకి ఓవర్‌టైము రేటు వేస్తే పత్రికలో డాలర్లన్నీ చాలవు. ఆ మాట ఆయనతోనే అన్నాను.

"నా సాయంత్రాలకి రేటేటి బాబూ," అన్నాడు. "అయ్యి ఊరకే వొచ్చినాయి కదా."

ఊరకే వచ్చింది సాయంత్రాలేనా, ఇంకేమైనా ఉందా? నా బాధ అది. ఆ బండిలోకి రోజుకొకటి కొత్తగా వచ్చి చేరుతోంది. ఒకరోజు రాగి గొట్టం కనబడింది, రెండడుగులుంటుంది. నేను రాత్రంతా దాని గురించే ఆలోచించి, మర్నాడు స్టోర్సులో రాగి గొట్టం చుట్ట దింపించి కొలిపించాను. అంగుళం తేడా లేకుండా సరిపోయింది. సంతోషించాలా? నాకు నిరాశ కలిగింది. ఎందుకంటే అప్పటికే మా ఆవిడతో "ఇయాల పట్టీస్తాను సూడు" అని చెప్పి వచ్చాను.

పైగా ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా రసీదులు. నేను షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ డబ్బా తెరిచేవాడు. "ఇది కలకత్తా మల్లిక్ బజార్‌ది బాబూ. ఇది గోల్‌బజార్‌ది." అడక్కముందే రసీదు చూపించేవాణ్ణి నమ్మకూడదని నా ఉద్యోగం నాకు నేర్పింది. చూపించనివాణ్ణి ఎలాగూ నమ్మను. ఇంక ఎవణ్ణి నమ్ముతావురా అని నన్ను నేను అడిగిన పాపాన పోలేదు.

ఒక శనివారం హౌరా నుంచి వస్తూ లోకల్‌లో ఆయన్ని చూశాను. తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. వాళ్లావిడ పాత చీర చుట్టిన పొడుగాటి వస్తువొకటి భుజానికి ఆనించుకున్నాడు. కలకత్తాలో పాత కారు సామాన్లు అమ్మేచోట సంపాదించిన బంపరు. జనం తిడుతున్నారు. ఒకామె తన కూరగాయల సంచి దానికి తగిలించేసింది. "తగిలించు దీదీ, గట్టిదే" అంటున్నాడు ఈయన నవ్వుతూ. టికెట్లు చూసే ఆయన వస్తే పాసు తీశాడు. దాంతోపాటు బంపరుకి లగేజీ టికెట్టూ తీశాడు. లోకల్ రైల్లో లగేజీకి టికెట్టు కొన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇంత జాగ్రత్త పడుతున్నాడంటే దీని వెనక పెద్దదేదో ఉందనుకున్నాను. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు తట్టింది అదే.

ఆ రోజుల్లోనే మా వెనక వీధిలో, రైల్వే సొత్తు దొంగతనాలు పట్టే విజిలెన్సువాళ్లు ఒకడి ఇల్లు సోదా చేశారు. మంచం కింద ఇంజన్లలో వేసే ఇత్తడి బుష్‌లు దొరికాయి. మర్నాటికల్లా సస్పెన్షను. కాలనీ అంతా ఉలిక్కిపడింది. కిటికీలకి కర్టెన్లు వేలాడదీసిన గొట్టాలు కూడా ఊడబీకి బావుల్లో పడేశారు జనం. మా ఇంట్లో ఒక టేకు పలక ఉంది, రైలు పెట్టెది. వేలంలో కొన్నదే, కాగితం ఉంది. అయినా రెండు రోజులు దానిమీద దుప్పటి కప్పాను.

సరిగ్గా అప్పుడు వెళ్లాను మేస్త్రి షెడ్డుకి. ఇంజను బయటికి దించి దిమ్మలమీద పెట్టి తుడుస్తున్నాడు. దాని ముందువైపు చదునుగా ఉన్న కాస్త చోటులో అక్షరాలు, అంకెలు వరసగా గుద్ది ఉన్నాయి.

"ఇదేటి మేస్త్రీ?" అన్నాను. "మా స్టోరు గుర్తులాగున్నాదే."

"కంపెనీవోల్లు గుద్దినారు బాబూ. పుట్టుకతో ఉన్నదే."

"అది నాకు తెలుసు. సోదాకొచ్చినోడికి తెలవాలి కదా. ఆడు అంకెలు సూస్తాడు, రైల్వేది అంతాడు. రిటైర్మెంటు ముందర మీకెందుకొచ్చిన గొడవ?"

అవి స్టోరు గుర్తులు కావని నాకు తెలుసు. మా గుర్తులు నేను నిద్రలో కూడా పోలుస్తాను. ఆయన మొహం చూడాలని అన్నాను, అంతే. దొంగైతే మొహం మారుతుందని నా నమ్మకం. మారింది. చేతిలో తుడుపు గుడ్డ ఆగిపోయింది. ఇంటికొచ్చి మా ఆవిడతో, "నేను సెప్పలేదేటి" అన్నాను. భయపడ్డ మంచివాడి మొహం కూడా అలాగే మారుతుందని అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

తర్వాతి ఆదివారం ఆయనే గోడమీంచి పిలిచాడు. వెళ్లి చూస్తే ఆ చోటు అద్దంలా మెరుస్తోంది. పాత అంకెలు ఒక్కటి లేవు. ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా తోమి, నడిమధ్య తన టికెట్ నంబరు గుద్దాడు. బంపరుమీద, తలుపుల మీద, గేరు పెట్టెమీద, అన్నిటిమీదా అదే నంబరు.

"ఇప్పుడెవుడొచ్చినా నా నంబరే కనపడతాది," అన్నాడు. మొహంలో భయం పోయింది.

"మరి బండి నంబరో?"

"అది తలుపుకాడ పలకమీదున్నాది కదా బాబూ. ఇంజనుదేటున్నాది? ఇయాల ఈ బండిలో ఉంటాది, రేపు ఇంకో బండిలో ఉంటాది. పేరు పెట్టెకి గానీ ఇంజనుకి పేరేటి?"

నాకూ నిజమే అనిపించింది. మా కార్ఖానాలో అంతే. డీజిల్ బండి మరమ్మతుకి వస్తే లోపలి ఇంజనుని క్రేనుతో ఎత్తి పక్కన పెడతారు. అది బాగయ్యేసరికి ఏ బండి ఖాళీగా ఉంటే దాంట్లో దించుతారు. బండి నంబరు బయట రంగుతో రాసి ఉంటుంది, లోపల ఏ ఇంజనున్నా ఆ బండి ఆ బండే. ముప్ఫై ఏళ్లు అదే పని చేసినవాడికి ఇంకోలా ఎలా తోస్తుంది? నేనూ ఆ కార్ఖానా ఉప్పు తిన్నవాణ్ణే. తలూపాను.

బండి మొదటిసారి కదిలిన రోజు మాత్రం నేను కూడా అనుమానం మరిచిపోయాను. ఎర్ర రంగు వేశాడు. ఇంజను పలికిందంటే మా కిటికీ అద్దాలు గడగడలాడాయి. వాళ్లావిడని ఎక్కించుకుని చర్చి దాకా వెళ్లాడు. స్టీరింగు ఎడమవైపు కదా, ఆవిడ కుడివైపు కూర్చుంది. దారిలో చూసినవాళ్లంతా ఆవిడే నడుపుతోందనుకుని తప్పుకున్నారు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, చూపు ముందుకి పెట్టి, బిగుసుకుపోయి కూర్చుంది. తిరిగొచ్చాక గోడ దగ్గరికొచ్చింది. "తమ్ముడూ, సర్చీకెల్లి రావడానికే ఇంత పెట్రోలు తాగినాది. ఇది గిట్టుద్దేటి?" అంది. అడుగుతూనే నవ్వేసింది. ఆ ఒక్కసారి నేను గిట్టదని అనలేకపోయాను.

తొంభైలు వచ్చాయి. రిటైర్మెంటు ఎనిమిది నెలల్లోకి వచ్చింది. మేస్త్రి బండికి ఫొటో తీయించి కలకత్తాలో పాత కార్లు కొని దాచుకునే ఒక పెద్దమనిషికి పోస్టులో పంపాడు. ఆయన జవాబు రాశాడు. ఫొటోలో ఉన్నట్టే ఉంటే, ఆ పెద్ద ఇంజనుదే అయితే, మూడు లక్షలిస్తానన్నాడు. ఆ ఉత్తరం కూడా నేనే చదివి పెట్టాను. మేస్త్రి మర్నాడే వెళ్లి ఊరి చివర స్థలంలో నాలుగు మూలలా సున్నం గీతలు గీసి వచ్చాడు.

పెద్దమనిషి వచ్చే రోజున నన్ను పక్కన ఉండమన్నాడు. "మాటా మాటా వొస్తే మీకు తెలుస్తాది బాబూ." వాళ్లావిడ గారెలు వండింది, రసగుల్లాలు తెప్పించింది. వీధి వీధంతా పోగయింది. వచ్చినాయన పంచె, తెల్ల బూట్లు. తెల్ల బూట్లు వేసుకుని బండి కొనడానికొచ్చేవాణ్ణి నేను నమ్మలేదు. కానీ ఆయనకి తెలుసు. అరచెయ్యి బండి మీద పెట్టి చివరిదాకా నడిచాడు. ఇంజను వేయించి కళ్లు మూసుకుని విన్నాడు. మేస్త్రి ఎలా వింటాడో అలాగే. "అపూర్వ" అన్నాడు. వాళ్లావిడ నా వంక చూసింది.

తర్వాత తలుపు దగ్గర పలక చదివి, పుస్తకంలో రాసుకుని, మూత ఎత్తించి, ఇంజను ముందువైపుకి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"నొంబొర్ కోథాయ్?" అన్నాడు. నంబరేదీ?

మేస్త్రి తన టికెట్ నంబరు చూపించి బెంగాలీలో చెప్పాడు, పాతది తీసేసి ఇది వేశానని. చెప్పడం గర్వంగానే చెప్పాడు. పెద్దమనిషి నిటారుగా లేచి చేతులు తుడుచుకున్నాడు. ఇదే మోడల్లో మామూలు ఇంజనువి బోలెడున్నాయట. పెద్ద ఇంజనువే అరుదట. ఇంజనుమీద నంబరు, పలకమీద నంబరు ఒకదానికొకటి కలిస్తేనే ఇది ఆ అరుదైన బండి. లేకపోతే ఎవడో ఎక్కడిదో ఇంజను తెచ్చి దూర్చాడని లోకం అంటుంది. ధరంతా ఆ కాసిని అంకెల్లో ఉందట. నేను మేస్త్రి వైపు చూడలేకపోయాను.

ఆయన అక్కడితో ఆగలేదు. చుట్టూ జనాన్ని చూసి, గొంతు మార్చి అడిగాడు. "ఎటా చోరాయ్ గాడి నా తో, మిస్త్రి?" దొంగబండి కాదు కదా? "నంబరు ఎవరు అరగదీశారు? ఎందుకు?"

మేస్త్రి నా వైపు తిరిగాడు. ఒక్క క్షణం. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. అయ్యా, ఈయన్ని నేనే భయపెట్టాను, అని. చెప్పలేదు. నష్టమంతా నా మీదికి వస్తుందని భయం. విజిలెన్సు పేరు చెప్పి బెదిరించానని పైవాళ్లకి తెలుస్తుందని భయం. ఇంకోటి కూడా ఉంది, సిగ్గు విడిచి రాస్తున్నాను. ఏమో, నిజంగానే దొంగబండేమో, అందుకే నా మాట సాకుగా పెట్టుకుని తీశాడేమో, అని కూడా ఆ క్షణంలోనే అనుకున్నాను. ఆ అనుమానాన్ని పట్టుకుని నేను గట్టెక్కాను.

మేస్త్రి నా మీంచి చూపు తిప్పేశాడు. "ఆమి ఘొషేఛి," అన్నాడు. నేనే అరగదీశాను. "కార్ఖానా ఒభ్యాస్." కార్ఖానా అలవాటు.

పెద్దమనిషి రసగుల్లా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు, ఎందుకంటే ఆ మాట ఆయనతోపాటు కలకత్తా వెళ్లింది, ఇక్కడా ఉండిపోయింది. చివరికి పెళ్లి ఊరేగింపులకి బళ్లు అద్దెకిచ్చేవాడు, పెట్టిన ఖర్చులో నాలుగో వంతుకి తీసుకుపోయాడు. క్వార్టరు ఖాళీ చేశారు. స్థలం అమ్మేశారు. ఒక సందులో రేకుల ఇంట్లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. గిట్టదని నేను చెప్తూనే ఉన్నాను కదా, నా లెక్కే నెగ్గింది. నెగ్గడానికి నేనేం చేశానో నాకే తెలుసు.

ఇల్లు పోతే పోయింది. పేరు పోయింది. కారు దొంగ మేస్త్రి అనడం మొదలుపెట్టారు. ముందు వేళాకోళానికి, తర్వాత మామూలుగా. చర్చిలో ఆయన పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. నాకు మాత్రం రోడ్డుమీద కనబడితే సైకిలు దిగి, "బాగున్నారా స్టోరు బాబూ" అనేవాడు. ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. ఎందుకు ఎత్తడం లేదు, మనసులో ఏం పెట్టుకున్నాడు, అని నేను దానికీ నిద్ర పోగొట్టుకున్నాను.

గోల్‌బజార్ కబురు విన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సమాధి కూడా అయిపోయింది. వాళ్లావిడ పాలు లేని టీ పెడుతూ మాట్లాడింది.

"ఒకటి సెప్తాను తమ్ముడూ. ఆ నంబరెందుకు తీసినావని సచ్చిందాకా అడిగినాను. అలవాటులో తీసీసినానే అన్నాడు. అలవాటులో తీసీ మనిసి కాడాయన. ఎవుడో ఏదో అన్నాడు. ఎవుడో సెప్పలేదు. మన వరసలో అందరిమీదా నాకు అనుమానమే. నీ మీద తప్ప."

"నా మీదెందుకు లేదక్కా?"

"ఆస్పత్రిలో అన్నాడు. మనల్ని దొంగల్లాగ సూడనోడు స్టోరు బాబొక్కడే, ఆయన్నేటీ అనకు, అని."

తెలియక అన్నాడా? జాలిపడి అన్నాడా? నా చెంపమీద కొట్టడానికే ఆవిడ చేతికి ఇచ్చి వెళ్లాడా? గ్లాసు పట్టుకుని మూడు రకాలుగానూ ఆలోచించాను. చచ్చిపోయిన మనిషిని కూడా నేను అనుమానిస్తున్నానని అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అక్కా, అన్నది నేనే," అన్నాను. మొత్తం చెప్పాను.

ఆవిడ ఏడవలేదు. గిన్నెమీద మూత పెట్టింది. "ఆ కలకత్తా ఆయన దొంగబండన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"ఆదివారం కూడిక ఉన్నాది. పదిమందీ వొస్తారు. ఆ మాట అక్కడ సెప్పు. నాకు ఇల్లొద్దు, ఏటొద్దు. ఆయన దొంగ కాడని సెప్పు."

మా కాలనీ తెలుగు చర్చిలో పోయినవాళ్ల జ్ఞాపకం కోసం కూడినప్పుడు, తెలిసినవాళ్లు ఒక్కొక్కరు లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్తారు. నేను హిందువుని, ఆ వరసలో లేను. అయినా లేచాను. స్టోరు గుర్తులని అబద్ధం చెప్పి భయపెట్టింది నేనేనని, ఆ భయంతోనే ఆయన నంబరు తీశాడని, బండి కొన్నదేనని, ఆయన రైల్వే సొమ్ము మేకంత కూడా ముట్టలేదని, నేను కొలిపించి చూశానని, అన్నీ చెప్పాను. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

బయట వేపచెట్టు కింద ఆయన షాపువాళ్లిద్దరు బీడీలు ముట్టించారు. నేను వెనకే ఉన్నట్టు చూడలేదు.

"ఇన్నేల్లకి సెప్తున్నాడంటే ఏదో ఉన్నాది."

"ఉండదేటి? మేస్త్రి పెళ్లామేటిచ్చి సెప్పించినాదో."

"ఇచ్చీదేటి, ఆ బండిలో ఈడికీ వాటా ఉండుంటాది."

వాళ్లావిడ మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆ మాటలన్నీ వింది. వాళ్లమీదికి వెళ్లబోతున్న నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గీ తమ్ముడూ," అంది. "నువ్వు సెప్పినావు. అప్పుడే సెప్పుంటే నమ్మీవోరు."